లాండ్రీ అక్క విహారయాత్ర

పదిహేనేళ్ళు ఒకే ఓడలో తిరిగిన మనిషి ఆ ఓడ పై అంతస్తు ఒక్కసారి కూడా చూడలేదంటే ఎవరూ నమ్మరు. లాండ్రీ అక్క చూడలేదు. ఆమె పనిచేసే గది నీటిమట్టానికి కింద ఉంటుంది. దానికి కిటికీ లేదు. ఉన్నదల్లా మనిషిని నిలువునా మింగేంత వాషింగ్ మెషిన్లు ఆరు, వాటికెదురుగా రొద పెడుతూ తిరిగే డ్రయ్యర్లు, మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పొడుగాటి రోలరు, వీటన్నిటి ఆవిరిలో ఉడికే పదకొండు మంది మనుషులు. పైన మూడు వేల మంది ఈతలు కొట్టి, ఒళ్ళు తుడుచుకుని, తువ్వాళ్ళు విసిరేస్తే అవన్నీ గొట్టంలోంచి జారి వచ్చి ఈమె కాళ్ళ ముందు పడతాయి. ఓడ వారానికోసారి ఐదు దీవులు చుట్టి వస్తుంది. అలా ఆమె ఆ దీవుల్ని కొన్ని వందల సార్లు చుట్టింది. దిగి చూసింది మాత్రం ఒక్కటీ లేదు. దిగడానికి సెలవు దొరికిన రోజుల్లో నిద్రపోయింది.

అయినా దీవులు ఆమెకి తెలియవని అనకూడదు. ఇసుకని బట్టి గుర్తుపడుతుంది. మొదటి దీవి ఇసుక మొరటుది, ఒక్క దులుపుకి రాలిపోతుంది. మంచి ఇసుక. రెండోది కాస్త ఎర్రది, తెల్ల తువ్వాళ్ళకి రంగు దిగుతుంది. మూడో దీవి ఇసుక నల్లగా, జిడ్డు పట్టినట్టు ఉంటుంది, దాన్ని తలుచుకుంటేనే లాండ్రీలో అందరికీ ఒళ్ళు మండుతుంది. నాలుగోది పిండి లాంటిది, కుట్లలోకి దూరి కూర్చుంటుంది. ఐదో దీవిలో గవ్వల ముక్కలు ఎక్కువ, అవి రోలరుని గీస్తాయి. ఆ దీవుల అందాల గురించి ఆమెనడిగితే చెప్పగలిగేది ఇంతే.

అలాంటి మనిషి ఇప్పుడు అదే ఓడలో అతిథిగా ఎక్కింది, చేతిలో పెట్టె, పక్కన కూతురు.

పాతకాపులైన పనివాళ్ళకి కంపెనీ ఇలా ఒకసారి ఉచితంగా యాత్ర ఇస్తుంది. ఇద్దరికి, వారం రోజులు. ఒకే ఒక్క షరతు. తర్వాతి పదకొండు నెలల ఒప్పందం మీద ముందే సంతకం పెట్టాలి, యాత్ర ముగిసిన రోజు పొద్దున ఆరింటికి పనిలో చేరిపోవాలి. పనివాడు ఆ వారంలో విశ్రాంతి రుచి మరిగి ఇంటికి పారిపోతాడని కంపెనీ భయం కాబోలు. అక్క సంతకం పెట్టేసింది. కూతురికి మాత్రం చెప్పలేదు.

అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. ఇదేదో వీడ్కోలు బహుమానం అనుకుంది. "అయితే ఇక ఇంటికొచ్చేస్తున్నావన్న మాట!" అని ఫోనులో అన్నప్పుడు, "ముందు నువ్వు రావే, అన్నీ అప్పుడు మాట్లాడుకుందాం" అని అక్క నీళ్ళు నమిలింది. భర్త పోయిన ఏడాది, పిల్లకి నాలుగేళ్ళప్పుడు ఆమె ఓడెక్కింది. పిల్లని చెల్లెలు పెంచింది. పదకొండు నెలలు ఓడ, నెలన్నర ఇల్లు, మళ్ళీ పదకొండు నెలలు ఓడ. ఆ నెలన్నరలో సగం మంచమ్మీదే గడిచేది. లేచి చూసేసరికి పిల్ల బడికి పోయి ఉండేది. అందుకే ఈ వారం ఆమెకి కావాలి. ఒకే గదిలో పిల్లా తనూ, ఏడు రోజులు. మంచి చోటు చూసి, మంచి పూట చూసి, మెల్లగా ఆ విషయం చెవిన వేద్దామనుకుంది. మొదటి దీవిలోనే చెప్పేద్దామనుకుంది.

గది చిన్నదే అయినా గుండ్రటి కిటికీ ఉంది. ఒక మంచం మీద ఎవరో తెల్ల తువ్వాళ్ళతో ఏనుగుని చేసి కూర్చోబెట్టారు. దానికి నల్ల కాగితపు కళ్ళు.

"అమ్మా, చూడు ఎంత ముద్దుగా ఉందో!" అని అమ్మాయి ఫోను తీసింది.

ఫొటో తీసుకునే లోపే అక్క ఏనుగు తొండం పట్టి లాగేసింది. "పెద్ద తువ్వాళ్ళు రెండు, చిన్నది ఒకటి. ఒక్క చుక్క నీళ్ళు కూడా తుడవకుండా ఉతుక్కి పోతాయి. మూడు వేల మందికి ఇలా ఏనుగులు పెడితే కింద వాళ్ళ నడుములు ఏం కావాలి?"

"నేను ఇంకా ఫొటో తీయలేదు."

"మళ్ళీ చేస్తాలే" అని అక్క తువ్వాళ్ళు ముందేసుకుని కూర్చుంది. పావుగంట తంటాలు పడితే కుక్కో పందో తేలని జంతువు ఒకటి తయారైంది. అమ్మాయి నవ్వింది. అక్క కూడా నవ్వింది. యాత్ర మొత్తంలో వాళ్ళు కలిసి నవ్వింది అప్పుడే అని తెలిసి ఉంటే ఇంకాసేపు నవ్వేవాళ్ళేమో.

మర్నాడు పొద్దున నాలుగున్నరకి ఠక్కున మెలకువ వచ్చింది. పదిహేనేళ్ళ అలవాటు మరి, మంచం మారినంత మాత్రాన పోతుందా! కాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. కిందనుంచి డ్రయ్యర్ల అదురు మంచం కాళ్ళలోంచి వీపుకి తెలుస్తోంది. ఆ అదురులో ఏదో తేడా ఉంది. రెండో డ్రయ్యరు తిరగడం లేదు. ఇక ఆమెకి కాలు నిలవలేదు. పిల్ల నిద్ర చెడగొట్టకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి మూసి, కిందికి దిగిపోయింది.

కింద మడత మాస్టారు ఉన్నాడు. ఒకటి రెండు మూడు అనే లోపు తువ్వాలు మడత పెట్టేస్తాడని ఆ పేరు. వయసులో ఆమె కంటే ఐదేళ్ళు పెద్దవాడు, అయినా అందరితోపాటు అక్కా అనే అంటాడు.

"ఇదేంటక్కా! నువ్వు గెస్టువి. ఇక్కడికి రాకూడదు. పైకి పో, పళ్ళరసం తాగు, ఎండలో పడుకో."

"ఎంతమంది ఉన్నారు ఇవాళ?"

"ఎనిమిది మందిమి. ఇద్దరికి జ్వరం."

"నా ఆప్రన్ ఎక్కడ పెట్టావు?"

"ఇంకా ఆరు రోజులుందక్కా నీకు. తర్వాత ఎలాగూ ఇదే గతి."

"తెలుసులే. ఆప్రన్ ఇవ్వు."

ఎనిమిదింటికి ఆమె గదికి తిరిగి వచ్చేసరికి అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఓడ ఊపు పడటం లేదా?" అని అక్క అడిగింది. "ఏమోనమ్మా" అంది అమ్మాయి. ఎక్కడికెళ్ళావని అడగలేదు. అడగకపోవడం అక్కకి హాయిగానే అనిపించింది, అబద్ధం వెతుక్కునే పని తప్పింది.

మొదటి దీవిలో చెప్పలేదు. అక్కడ కొబ్బరిచెట్ల కింద బల్ల మీద కూర్చోగానే అక్కకి కునుకు పట్టింది. పొద్దున మూడున్నర గంటలు దుప్పట్లు మోసిన ఒళ్ళు, నీడ కనబడితే ఊరుకుంటుందా? లేచేసరికి ఓడకి తిరిగి వెళ్ళాల్సిన వేళయింది. అమ్మాయి పక్కనే కూర్చుని ఆమె మీద వాలుతున్న ఈగల్ని తోలుతోంది.

రెండో దీవిలోనూ అదే కథ. మూడో దీవిలో అమ్మాయి నల్ల ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చోబోతే అక్క హడలిపోయి చెయ్యి పట్టి లేపేసింది. "ఇక్కడ కూర్చోకు. ఇది మూడు నీళ్ళకి కూడా వదలదు."

"ఉతికేది నువ్వు కాదు కదమ్మా ఇప్పుడు!"

అక్క ఆ పొద్దునే ఉతికి వచ్చింది. ఓడలో ఇచ్చే రంగురంగుల తువ్వాళ్ళు ఎన్నయినా తీసుకోవచ్చు. తల్లీకూతుళ్ళిద్దరికీ కలిపి వారమంతా ఒకే తువ్వాలు వాడాలని అక్క తీర్మానం చేసింది. అది తడిసి బరువెక్కి, ఉప్పు కంపు కొడుతూ ఆమె భుజం మీదే ఉండేది. చూసిన వాళ్ళు వీళ్ళు ఎక్కడి పిసినారులో అనుకుని ఉంటారు.

నాలుగో దీవిలో అయితే చెప్పడానికి నోరు తెరిచింది కూడా. "నీతో ఒక మాట..." అంది. "చెప్పమ్మా" అంటూ అమ్మాయి తిరిగింది. ఆ పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు చూసి అక్కకి మాట మారిపోయింది. "రాత్రి సరిగ్గా పడుకోవట్లేదేంటి? మంచం కుదరలేదా?" అంది. అమ్మాయి సముద్రం వైపు తిరిగిపోయింది. యాత్రకొచ్చి ఇద్దరూ అలిసిపోయారు. తన అలుపుకి కారణం అక్కకి తెలుసు, పిల్లది మాత్రం ఎందుకో తెలియలేదు.

ఐదో దీవి చేరే రోజు పొద్దున అక్క, మాస్టారు కలిసి పెద్ద మంచాల దుప్పట్లు మడుస్తున్నారు. వాటిని రోలరు ఇస్త్రీ చేస్తుంది గానీ మడవలేదు. ఇద్దరు చెరో అంచు పట్టుకుని, ఒక్క లాగు లాగి, ఎదురెదురుగా నడిచి మూలలు కలపాలి. మధ్యలో డ్రయ్యరు గంట మోగింది. మాస్టారు అంచు బల్ల మీద వదిలి అటు వెళ్ళాడు. కాసేపటికి దుప్పటి అవతలి కొస లేచింది.

"గట్టిగా లాగు మాస్టారూ, నలుగుతోంది" అంది అక్క తల ఎత్తకుండానే.

ఆ కొస గట్టిగా లాగింది. ఆవిరి కాస్త తొలగాక చూస్తే అవతల ఉన్నది కూతురు. రాత్రి బట్టల్లో, చెదిరిన జుట్టుతో ఉంది.

అక్క దుప్పటి అంచు దించింది. "నువ్వెలా వచ్చావే ఇక్కడికి?"

"రోజూ నీ వెనకే వస్తున్నాను. ఈ గది ఇనప తలుపు దాకా వచ్చి వెనక్కి పోతున్నాను. ఇవాళ లోపలికొచ్చాను."

డ్రయ్యరు దగ్గర్నుంచి మాస్టారు ఈ వైపు ఒకసారి చూసి, అక్కడే చాలా పని ఉన్నవాడిలా వీపు తిప్పేసుకున్నాడు. తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా నడిచి మూలలు కలిపారు. ఇంకో దుప్పటి తీశారు. అమ్మాయికి రెండోదానికే కిటుకు అర్థమైంది.

"ఈ వారమైనా పడుకోవచ్చు కదమ్మా."

"ఇద్దరు తక్కువున్నారే."

"మరి నువ్వు దిగిపోయాక నీ చోటు ఎవరిది? ఇంకొకరు తక్కువవుతారు కదా?"

ఎత్తిపొడవాలని అడిగింది కాదు. మామూలుగా అడిగింది. అందుకే తప్పించుకునే దారి దొరకలేదు.

"నా చోటు నాదే. నేను దిగట్లేదు. సంతకం పెట్టాను, ఇంకో పదకొండు నెలలకి. పెడితేనే ఈ టికెట్టు ఇస్తారు."

అమ్మాయి దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడింది. "ఎప్పుడు పెట్టావు?"

"నిన్ను రమ్మని ఫోను చేసిన రోజే."

"ఏడు రోజులు నాతో ఉండటానికి పదకొండు నెలలు రాసిచ్చావా?"

"ఇంటికొస్తే నేను పడుకుంటాను, నువ్వు కాలేజీకి పోతావు. అది పిన్ని ఇల్లు, అక్కడ గరిటె ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. ఇక్కడైతే ఒకే గదిలో మనిద్దరమే ఉంటామని... ఎప్పుడూ అలా లేం కదా."

"ఇప్పుడైనా ఉన్నామా?" అంది అమ్మాయి.

దెప్పినట్టు కూడా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అంది. దుప్పటి మూలలు తెచ్చి తల్లి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అక్క ఆ దుప్పటిని మడిచిందా, ఊరికే గుట్ట మీద పడేసిందా ఆమెకే గుర్తులేదు. ఎనిమిది దాకా ఆగకుండా ఆప్రన్ విప్పేసి పైకి వెళ్ళింది. ఆ ఒక్క రోజూ మాస్టారు మడతల లెక్క తప్పాడట.

ఐదో దీవిలో అమ్మాయి ముందు నడిచింది, అక్క తువ్వాలు భుజానేసుకుని పది అడుగుల వెనక. జనం లేని చోటు దాకా నడిచి అమ్మాయి ఆగింది.

"కూర్చో అమ్మా. తువ్వాలు పరుచుకుని కూర్చో."

అక్క ఈసారి ఏమీ అనకుండా తువ్వాలు పరిచి కూర్చుంది. గవ్వల ముక్కలు తువ్వాల్లోంచి కూడా గుచ్చుకుంటున్నాయి. "కోపం వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది. కానీ నీ మీద కోపం పట్టాలంటే నువ్వు ఎదురుగా ఉండాలి కదా, ఎప్పుడుంటావు నువ్వు?" అమ్మాయి ఇసుకలో గీతలు గీస్తూ మాట్లాడింది. "నువ్వు ఓడకి బయల్దేరిన ప్రతిసారీ నేను నిద్రపోతూ ఉండేదాన్ని. గుర్తుందా?"

"ఏడుస్తావని. పిల్ల లేవకముందే వెళ్ళిపో, లేస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది అని పిన్నే అనేది. అమ్మమ్మా అదే మాట. నాకూ అదే నయమనిపించింది. నువ్వేడిస్తే నేను ఎక్కలేను."

"మొదటి మూడు సార్లు నిజంగానే నిద్రపోయాను. నాలుగోసారి నుంచీ మెలకువగానే ఉన్నాను."

అక్క గబుక్కున కూతురి వైపు తిరిగింది.

"కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. పెట్టె చక్రాలు చప్పుడు చేస్తాయని నువ్వు దాన్ని చేత్తో ఎత్తి మోసుకెళ్ళేదానివి. అంత బరువు పెట్టె. నేను లేస్తే నీ కష్టమంతా పాడవుతుందని లేవలేదు. అప్పటికి నాకు ఏడేళ్ళు. ఈ వారం కూడా అంతే. నాలుగున్నరకి చెప్పులు చేత్తో పట్టుకుంటావు. ఆ తలుపు సందులో వేలు పెట్టి మూస్తావు. నాకు మళ్ళీ నిద్ర రాదు. అసలు దానికోసమే చూస్తూ రాత్రంతా పడుకోను."

"ఒక్కసారి పిలవకపోయావా నన్ను!"

"ఇంట్లో అందరూ నేను నిద్రపోవాలని కోరుకుంటుంటే ఎలా పిలుస్తానమ్మా?"

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేడినీళ్ళకీ సబ్బుకీ ఆ వేళ్ళ గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. పిల్లని ఏడిపించకుండా వెళ్ళడం ఒక్కటే తను సరిగ్గా చేసిన పని అని ఇన్నాళ్ళూ ఆమె నమ్మకం. ఎవరైనా నీ కూతుర్ని వదిలి ఎలా ఉంటావని అడిగితే, మా పిల్ల బంగారం, ఒక్కసారి కూడా ఏడవలేదు అని చెప్పుకునేది. గర్వంగా చెప్పుకునేది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గేసింది.

"సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదు" అంది అక్క.

"తీసుకోమనట్లేదు. ఈసారి నన్ను లేపి, చెప్పి వెళ్ళు."

"ఏడుస్తావే."

"ఏడుస్తాను" అంది అమ్మాయి.

మర్నాడు దీవులేమీ లేవు, రోజంతా సముద్రమే. అక్కకి నాలుగున్నరకే మెలకువ వచ్చింది. కానీ మంచం దిగలేదు. కింద డ్రయ్యర్ల అదురు వింటూ, దుప్పటి పిడికిట్లో బిగించి పట్టుకుని ఏడింటి దాకా అలాగే పడుకుంది. అలా పడుకోవడం ఆమెకి పనిచేయడం కంటే కష్టమైంది. పక్క మంచం మీద అమ్మాయి ఒకసారి కళ్ళు తెరిచి చూసింది, తల్లి ఉందని చూసి అటు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం తిన్నాక ఇద్దరూ మళ్ళీ నిద్రపోయారు. ఏదో ఆటలున్నాయి రమ్మని మైకులో పిలుస్తూనే ఉన్నారు, ఎవరు లేస్తారు!

ఆఖరి రోజు అయిదుంబావుకే గుండ్రటి కిటికీలో వెలుగు వచ్చేసింది. ఓడ రేవులోకి మెల్లగా జరుగుతోంది. అక్క స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, జుట్టు ముడి వేసుకుంది. ఆరింటికి కింద ఉండాలి. ఎనిమిదింటికి అమ్మాయి ఓడ దిగి, విమానం ఎక్కి, ఇంటికి పోతుంది. అక్క పిల్ల మంచం దగ్గరకి వచ్చి నిలబడింది.

అమ్మాయి నిద్రపోతోంది. నటనో నిజమో అని అక్క వంగి చూసింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది, ఒక చెయ్యి మంచం మీదనుంచి కిందికి వేలాడుతోంది, చెంప మీద దిండు మడత అచ్చు పడింది. ఇది నిజం నిద్రే. అమ్మ లేపుతుందిలే అన్న ధీమాతో పట్టిన నిద్ర. వారంలో మొదటిసారి ఇంత గాఢంగా పడుకున్న పిల్లని లేపడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? పాపం పడుకోనీ, చీటీ రాసి పెట్టి పోదాం, ఫోను చేద్దాం, అనుకుంది. మనసు ఈ సాకులన్నీ వెతుకుతుండగానే కాళ్ళు వాటంతటవే తలుపు వైపు రెండడుగులు వేశాయి. అక్కకి తన కాళ్ళ మీదే అసహ్యం వేసింది. వెనక్కి వచ్చింది.

"అమ్మాయీ" అని పిలిచింది. భుజం పట్టుకుని ఊపింది. "లేమ్మా. నేను వెళ్తున్నాను."

మూడోసారికి అమ్మాయి కళ్ళు తెరిచింది. తల్లి మొహం చూసింది, యూనిఫాం చూసింది, ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత ఏడ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఏడ్చినట్టు కాదు, నాలుగేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, ముక్కు కారుతూ, ఊపిరాడకుండా, తల్లి యూనిఫాం రెండు చేతులా గుప్పిట పట్టి ఏడ్చింది. "వెళ్ళొద్దు. నువ్వు వెళ్ళొద్దమ్మా" అంది. వెళ్ళక తప్పదని ఇద్దరికీ తెలుసు. అయినా అంది.

పదిహేనేళ్ళలో ఆ మాట లాండ్రీ అక్కతో ఎవరూ అనలేదు. అననివ్వకుండా అందరూ కలిసి జాగ్రత్తపడ్డారు, అందరికంటే ఎక్కువ తనే. మంచం మీద కూర్చుని పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు ఆమెకీ ఏడుపొచ్చింది. బయట తాళ్ళు విసురుతున్న అరుపులు వినిపిస్తున్నాయి. గోడ గడియారం ఆరు దాటింది.

"ఏడువమ్మా" అంది అక్క. "నాకేం తొందర లేదు."